చేతుల సంగతి

ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దాటి మర్రిపాలెం వైపు వస్తే
బాదంచెట్టు కింద నీలం టార్పాలిన్ బండి.
అది నాదే.
ఇరవై రెండేళ్లుగా
క్వార్టర్స్‌లో నేవీవాళ్ల తెల్లబట్టలన్నీ
దాని మీదే మడత తేరుతున్నాయి.
చొక్కా చూస్తే మనిషిని చెప్పేస్తాను.
ఈయన కాఫీ తొందరగా తాగుతాడు,
ఈయన తాళాలు కుడిజేబులో వేస్తాడు,
ఈయన ఓడెక్కి నెల దాటింది,
వాళ్లావిడ ఆ బట్టలే మళ్లీ మళ్లీ ఇస్త్రీకి పంపిస్తోంది.

అప్పట్లో నవ్వుకున్నాను.
మొన్న మా ఇంటిది
నూకరత్నం పాత చుడీదార్లు మూడు తెచ్చి
ఏమీ అనకుండా బండి మీద పెట్టి వెళ్లింది.
ఉతికినవే. మాయనివే.
నీళ్లు చిలకరించి
నేనూ ఏమీ అనకుండా చేసిపెట్టాను.

గుంటని ఎప్పుడూ పెట్టె ముట్టుకోనివ్వలేదు.
బూడిద కళ్లల్లో పడుద్దే, పోయి చదువుకో అనేవాణ్ణి.
స్టూలు మీద లెక్కలు చేసుకుంటూ
నెత్తి మీద విమానం వెళ్తే చాలు
అది దిగేదాకా తలెత్తుకునే ఉండేది.
మెడ నొప్పెట్టదేటే అంటే వినదు.

రైల్వే గ్రౌండులో తెల్లారగట్ల పరుగు ప్రాక్టీసు.
గట్టు మీద కూర్చుని రౌండ్లు లెక్కపెట్టడం నా పని.
ఒకరోజు లెక్క తప్పి
ఒక రౌండు ఎక్కువ పరిగెత్తించాను.
సెలక్షనయ్యాక కూడా
ఆ రౌండు బాకీ ఉన్నావంటుంది.

వచ్చిన కాగితంలో రాశారు:
తెల్ల బనీన్లు ఆరు, సూది, నల్లదారం,
తాళంకప్పలు రెండు.
పూర్ణామార్కెట్లో ఇత్తడివి కొన్నాను,
ఒక్కోదానికి మూడు చెవులిచ్చాడు.
తనకి రెండేసి ఇచ్చి తలా ఒకటి దాచాను.
బాలుగాంలో దిగి ఇంకా లోపలికెళ్లాలంట చిల్కాకి.
అక్కడి పెట్టె తాళంచెవి ఇక్కడ
సింహాద్రి అప్పన్న క్యాలెండరు మేకుకి వేలాడుతోంది.
దీంతో ఏం తెరుస్తావు బావా అని ఎర్నిబాబు నవ్వాడు.
నవ్వనీ.

రైలు కదిలేముందు
అమ్మని పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను.
"నాన్నా, బండికాడికి పో,
బొగ్గులారిపోతాయి" అంది.

ఆదివారం ఫోనిస్తారు, పది నిమిషాలు.
మొదటి ఆదివారం పదీ వాళ్లమ్మవే.
తిన్నావా, ఏం తిన్నావు, సరిగ్గా తిన్నావా.
రెండో ఆదివారం ఫోను రాలేదు.
మర్నాడు పొద్దున్నే చీఫ్‌గారి ప్యాంటు మాడ్చేశాను.
ఎన్నేళ్లయిందో నా చేతిలో బట్ట మాడి.
డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.
"పిల్ల ఫోన్ చెయ్యలేదా?" అని మాత్రం అడిగాడు.

మూడో ఆదివారం గొంతు బొంగురుపోయి ఉంది.
"నాన్నా, కాలరు మూలలు మాడిపోతన్నాయి.
పొద్దున్నే లైన్లో నిలబెట్టి చూస్తారు.
నీకెలా వస్తాదది?"

నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు ఆ మాట.
ఎప్పటికిస్తావు, ఎంతవుతుంది,
అవే అడిగారు.
గోడవైపు తిరిగి చెప్పాను.
కరెంటు పెట్టె వేడిని నమ్మకు,
చెంప దగ్గర పెట్టి చూసుకో.
కాలరు తిరగేసి లోపలి పక్క ముందు చెయ్యి.
మూల నుంచి నడిమికి రా,
నడిమి నుంచి మూలకి తోస్తే నలుగుద్ది.
గుప్పెట్లో సగం నీళ్లు చాలు.
ఆ తరవాత భుజాలు, ఆ తరవాత వీపు,
వీపు మీద తొందరపడకు...
వెనకాల ఎవరో ఈల ఊదారు.
"నాన్నా, మరి చేతులో?" అంది.
కట్టయిపోయింది.

ఇవాళ మంగళవారం.
సముద్రం గాలికి బట్టలన్నీ చెమ్మగిల్లాయి.
ఎవరిదో తెల్లచొక్కా
చేతులు చాపి బండి మీద పరిచాను.
కళ్లు మూసుకున్నా చేసేస్తాను గానీ
మాటల్లో పెట్టడం రావట్లేదు.
నోట్లోనే గొణుక్కుంటూ, మొదటికొచ్చి,
మళ్లీ చేస్తున్నాను:
ముందు కుట్టు మీద కుట్టు ఆనించు రత్నం,
అరచేత్తో ఒకసారి నిమురు.
పెట్టె తరవాత.